సంగీత కళాశాలలో గాత్రం ప్రవేశ పరీక్షకు పది వారాలే ఉంది, ఏం పాడాలి?

సరిగపద
ఏప్రిల్ 6, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. మొన్న మార్చిలో ఇంటర్ పరీక్షలు రాశాను. తొమ్మిదేళ్ల వయసు నుంచి మా పక్కవీధి అమ్మగారి దగ్గర గాత్రం నేర్చుకుంటున్నాను. సంగీతంలోనే డిగ్రీ చేస్తానని ఇంట్లో ఒప్పించడానికి ఏడాది పట్టింది. నాన్నగారు ఇప్పుడు సరే అన్నారు కానీ, ప్రవేశ పరీక్షలో సీటు తెచ్చుకుంటేనే అన్నారు.

చెన్నైలో ఒక కళాశాలకు, మన రాష్ట్రంలోనే మరో చోటికి దరఖాస్తు పెట్టాను. రెండు చోట్లా పాడించి వింటారు, రాగాల మీద, తాళాల మీద ప్రశ్నలు అడుగుతారు. జూన్ రెండు, మూడు వారాల్లో ఉంటాయి.

నాకు ఇరవై వర్ణాలు (స్వరాలు, సాహిత్యం కలిసిన సాధన రచనలు), అరవైకి పైగా కృతులు (కచేరీలో పాడే కీర్తనలు) వచ్చు. అన్నీ పుస్తకం చూడకుండా పాడతాను. వాటిలో ఏవి ఎంచుకోవాలో తెలియడం లేదు. పెద్ద రాగంలో పెద్ద కృతి పాడితే మంచిదా? ఆలాపన, అంటే తాళం, సాహిత్యం లేకుండా రాగాన్ని విస్తరించి పాడటం, చేయాలా? నేను ఐదున్నర శ్రుతిలో పాడతాను (శ్రుతి అంటే పాటకు ఆధారమైన షడ్జం ఎత్తు, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది). తారస్థాయి (పై స్థాయి) పంచమం అందుతుంది కానీ కొంచెం కష్టపడాలి. మా అమ్మగారు ఇంతవరకూ ఎవరినీ ఇలాంటి పరీక్షకు పంపలేదు. "తెలిసినవాళ్లను అడుగు తల్లీ" అన్నారు. అందుకే ఇక్కడికి వచ్చాను.

వయొలిన్ మాస్టారు
ఏప్రిల్ 6, రాత్రి 10.25

అమ్మా, ముందు మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ఏడాది పట్టినా ఒప్పుకున్నారు, అది చిన్న సంగతి కాదు.

ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు వయొలిన్ చెబుతున్నాను. ఇలాంటి పరీక్షల్లో బల్లకు అవతలి పక్కన కూడా కొన్నిసార్లు కూర్చున్నాను. ఒక్కొక్కరికి పది పన్నెండు నిమిషాలకు మించి వ్యవధి దొరకదు. నీకు అరవై కృతులు వచ్చని అక్కడివాళ్లకు తెలిసే వీలే లేదు. నువ్వు మొదటి షడ్జం పట్టుకోగానే అది తంబురలో కలిసిందా, పక్కన నిలబడిందా అన్నది మాత్రం అర నిమిషంలో తెలిసిపోతుంది. ఆ అర నిమిషం తరువాత నువ్వు పాడేదంతా వాళ్లు ఆ చెవితోనే వింటారు.

కాబట్టి రెండు వర్ణాలు, మూడు కృతులు చాలు. వర్ణాల్లో ఒకటి ఆది తాళంలో, ఒకటి అట తాళంలో ఉండాలి. రెండూ రెండు కాలాల్లో (మామూలు వేగంలో, దానికి రెట్టింపులో), చేతి వేగం మారకుండా రావాలి. కృతుల్లో ఒకటి కల్యాణి, శంకరాభరణం, ఖరహరప్రియ వంటి, ఏడు స్వరాలూ ఉన్న మేళకర్త రాగంలో, ఒకటి మోహనం, హిందోళం వంటి ఐదు స్వరాల రాగంలో, మూడోది వక్ర సంచారమున్న, అంటే స్వరాలు వరుసగా కాక మలుపులు తిరిగే రాగంలో పెట్టుకో. మూడు కృతులకూ తాళాలు, ఎత్తుగడలు (తాళంలో పాట మొదలయ్యే చోట్లు) వేరువేరుగా ఉంటే ఇంకా మంచిది.

తోడిలో పెద్ద కృతి పాడాలని మనసులో ఉంటే ఒక మాట. ఆ గాంధారం నాలుగైదేళ్లుగా నీ గొంతులో నలిగి ఉంటే నిశ్చింతగా పాడు. ఈ పది వారాల్లో నేర్చుకుని పాడదామనుకుంటే మానేయి.

ఇక శ్రుతి. ఇంట్లో కష్టపడి అందుకునే స్వరం అక్కడ అందదు. ఐదుకు దించి ఒక వారం పాడి చూడు. ఆలాపన రెండు నిమిషాలు సిద్ధంగా ఉంచుకో, అడిగితేనే పాడు. డిగ్రీ ప్రవేశానికి స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం) అక్కర్లేదు.

విజయనగరం పాత విద్యార్థిని
ఏప్రిల్ 7, ఉదయం 6.10

మాస్టారికి నమస్కారం. మీ మాటల్లో చివరిది తప్ప అన్నీ ఒప్పుకుంటాను. స్వరకల్పన అడగకపోవచ్చు, కానీ అడిగితే బిక్కమొహం వేయకూడదు కదండీ. మోహనంలో పల్లవి ఎత్తుగడకు ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) స్వరం వేసి సరిగ్గా వచ్చి చేరగలిగితే చాలు. నేర్చుకున్నది ఒప్పజెప్పడమే కాకుండా పిల్లలో ఆలోచన కూడా ఉందని వాళ్లకు అర్థమవుతుంది.

చెల్లీ, నీకు నా సంగతి ఒకటి చెబుతాను. నేను విజయనగరంలో చేరడానికి ముందు ఏడాది వేరే ఊళ్లో ఒక ప్రవేశ పరీక్షకు వెళ్లి విఫలమయ్యాను. ఆది తాళ వర్ణం మొదలుపెట్టాను. పల్లవి, అనుపల్లవి చక్కగా నడిచాయి. ముక్తాయి స్వరం (అనుపల్లవి తరువాత వచ్చే స్వర భాగం) సగంలో ఉండగా ఒకావిడ చెయ్యెత్తి ఆపి, "చరణం మూడో ఎత్తుగడ స్వరం రెండో కాలంలో పాడమ్మా" అన్నారు. చరణం తరువాత వరుసగా వచ్చే స్వర భాగాల్లో అది మూడోది. నాకు ఆ స్వరం బాగా వచ్చు. కానీ రెండో స్వరం చివర నుంచి వస్తేనే వచ్చు. నేను కళ్లు మూసుకుని లోలోపల చరణం మొదటి నుంచి పాడుకుంటూ అక్కడికి చేరే ప్రయత్నం చేశాను. గదిలో తంబుర ఒక్కటే మోగుతోంది. ఆవిడ పాపం చాలాసేపు ఎదురుచూసి, "సరేనమ్మా" అన్నారు.

ఆ వేసవి అంతా మా గురువుగారు చీటీలు రాసి ఇత్తడి గిన్నెలో వేసి తీయించారు. "అనుపల్లవి రెండో పాదం, మొదటి కాలం." "ముక్తాయి స్వరం, రెండో కాలం." చీటీలో ఏది వస్తే అక్కడి నుంచి, ఊపిరి తీసుకునేంత వ్యవధిలో ఎత్తుకోవాలి. ఇరవై రోజులకు వర్ణం నాకు మొదటి నుంచి చివరి దాకా ఉన్న తాడులా కాక, ఏ గదిలోకైనా నేరుగా వెళ్లగలిగే ఇల్లులా కనిపించింది. నువ్వూ ఈ పని చేయి. ఇరవై వర్ణాలకు కాదు, మాస్టారు చెప్పిన రెండింటికీ.

విజయనగరం పేరెత్తాను కాబట్టి ఇంకో మాట. మా కళాశాల 1919లో మొదలైంది. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాద్యం విని వయొలిన్ ఆచార్యుడిగానే తీసుకున్నారని మా గురువుగారు చెప్పేవారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. ప్రవేశ పరీక్ష అనే మాట విన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. వినేవాళ్లు కూడా మంచి సంగీతం వినాలనే ఆశతోనే కూర్చుంటారు. వాళ్లను చూసి భయపడకు.

లయ నా ప్రాణం
ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1.15

నేను మృదంగం వాయిస్తాను. గాత్రం పిల్లలు శ్రుతి కోసం పడే తపనలో నాలుగో వంతు కూడా తాళం మీద పెట్టరు. పరీక్ష గదిలో మృదంగం ఉండదమ్మా. నీ కుడి చెయ్యి ఒక్కటే నీకు తోడు. దాన్ని చున్నీ కింద దాచుకోవద్దు. తొడ మీద శబ్దం వచ్చేలా, వేళ్ల లెక్క కనిపించేలా వేయి. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, తరువాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఇది పసిపిల్లలకు చెప్పే పాఠమే. కానీ కంగారులో ముందుగా మింగేసేది ఆ విసురులనే.

సాధనకు ఒక పద్ధతి చెబుతాను. ఫోనులో మెట్రోనోమ్ యాప్ పెట్టుకో. మొదటి వారం ప్రతి అక్షరానికీ (తాళంలో ఒక్కో లెక్కకు) దెబ్బ వినిపించనివ్వు. రెండో వారం ఆవర్తనానికి ఒక్కటే, సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద. మూడో వారం రెండు ఆవర్తనాలకు ఒకటి. మధ్యలో ఉన్న నిశ్శబ్దంలో నువ్వు ఎంత పరుగెత్తావో, ఎంత వెనకబడ్డావో అది నిర్మొహమాటంగా చెబుతుంది.

తాళాల ప్రశ్నలకు 35 తాళాల పట్టిక బట్టీ పడితే చాలదు. ఖండజాతి అట తాళానికి ఎన్ని అక్షరాలు అంటే 14 అని అందరూ చెబుతారు. చతురశ్రజాతి ధ్రువ తాళానికీ 14 అక్షరాలే. "రెండూ ఒకటేనా? వేసి చూపించు" అంటారు. మొదటిది ఐదు, ఐదు, రెండు, రెండు. రెండోది నాలుగు, రెండు, నాలుగు, నాలుగు. అడగగానే చెయ్యి కదలాలి.

సరిగపద
ఏప్రిల్ 8, సాయంత్రం 7.05

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. అక్కా, మీ గిన్నె సంగతి మా అమ్మగారికి చదివి వినిపించాను. ఆవిడ లోపలికి వెళ్లి కుంకుమ భరిణె ఖాళీ చేసి తెచ్చారు. ఈ రోజే మొదలుపెట్టాం. మొదటి చీటీకే తడబడ్డాను.

మాస్టారూ, శ్రుతి దించడం మాత్రం మనసుకు ఎక్కడం లేదు. ఐదున్నరలో నా గొంతు మెరుస్తుందని అందరూ అంటారు. ఐదులో పాడితే నా పాట నాకే మందంగా వినిపిస్తోంది.

వయొలిన్ మాస్టారు
ఏప్రిల్ 8, రాత్రి 8.50

రెండు శ్రుతుల్లోనూ ఒకే కృతి పాడి, ఫోనులో పట్టి ఇక్కడ పెట్టు తల్లీ. చెవులున్నవాళ్లు చాలామంది ఉన్నారు, చెబుతారు.

ఇద్దరు పిల్లల అమ్మ
ఏప్రిల్ 9, ఉదయం 11.30

మా పెద్దమ్మాయి రెండేళ్ల క్రితం ఇలాగే చెన్నై వెళ్లింది. సంగీతం సంగతి పెద్దలు చెబుతున్నారు. నేను మిగతావి చెబుతాను. పరీక్షకు ఒక రోజు ముందే చేరుకోండి. రాత్రి రైల్లో ఏసీలో ప్రయాణం చేసి, తెల్లవారి దిగి నేరుగా పాడటానికి వెళితే గొంతు పట్టేస్తుంది. మా అమ్మాయికి అదే జరిగింది. షడ్జం దగ్గరే గరగరలాడింది. దాని వంతు మధ్యాహ్నం వచ్చింది కాబట్టి గట్టెక్కింది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, వాటి నకళ్లు, ఫోటోలు ఒక సంచిలో, శ్రుతి పెట్టె, దాని ఛార్జర్ ఇంకో సంచిలో పెట్టుకోండి. ఫోనులో తంబుర ఉన్నా విడిగా ఒక శ్రుతి పెట్టె ఉండాలి. సరిగ్గా పాడే వేళకు ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ఆ వారమంతా అమ్మాయిని గట్టిగా మాట్లాడనివ్వకండి. పెళ్లిళ్లకు తీసుకెళ్లకండి. నిద్ర తగ్గనివ్వకండి. గొంతుకు కొత్త కషాయాలేవీ ఆ వారం మొదలుపెట్టకండి.

డాలస్ నాన్న
ఏప్రిల్ 10, ఉదయం 8.20

మా అబ్బాయి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో వయొలిన్ వాయిస్తాడు. పోయిన ఏడాది ఇక్కడ అమెరికాలో నాలుగు విశ్వవిద్యాలయాల సంగీత విభాగాలకు పరీక్షలు ఇచ్చాడు. సంగీతం వేరైనా పనికొచ్చే సంగతులు రెండున్నాయి, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ చాలా చోట్ల ముందు వీడియో అడుగుతారు. ఒక రచనను మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపులో, ఎక్కడా కత్తిరించకుండా పట్టి పంపాలి. వయొలిన్‌కు సాధారణంగా జర్మన్ స్వరకర్త బాక్ రాసిన ఒంటరి వయొలిన్ రచనల్లో ఒక భాగం, ఒక కన్సర్టోలో (వాద్యబృందంతో కలిసి వాయించే రచనలో) ఒక భాగం, మూడు స్థాయిల్లో స్కేల్స్ (స్వర వరుసలు) ఉంటాయి. మావాడు మొదటి రోజు బాక్‌నే పదిహేడు సార్లు వాయించాడు. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట చెడేది. ఆఖరికి వాడి టీచర్ ఒక నియమం పెట్టింది. రోజుకు ఒక్కసారే వాయించాలి, బడి నుంచి రాగానే, ముందు చేతులు ఆడించకుండా. పరీక్ష గదిలో రెండో అవకాశం ఉండదు కాబట్టి ఇంట్లో కూడా ఉండకూడదంది. మూడు వారాల తరువాత తేడా మాకే వినిపించింది. మీ అమ్మాయి కూడా రోజుకొకసారి, ఏ సన్నాహమూ లేకుండా, తలుపు తీసుకుని లోపలికి వచ్చి, నమస్కారం పెట్టి, శ్రుతి పెట్టుకుని, పాడి, లేచి వెళ్లే దాకా మొత్తం చేయాలి. మావాణ్ణి వారానికొకరి ఇంటికి తీసుకెళ్లి వాళ్ల హాల్లో వాయింపించేవాళ్లం. మా తెలుగు స్నేహితులందరికీ ఆ బాక్ కంఠస్థం అయిపోయింది.

రెండోది చెవి పరీక్ష. బోస్టన్‌లోని బెర్క్‌లీ కళాశాలలో పరీక్షకులు ఒక చిన్న పలుకు వాయిస్తారు, విద్యార్థి వెంటనే దాన్ని తిరిగి పలికించాలి. చెన్నైలోనూ ఇలాంటిది ఉంటుందా?

విజయనగరం పాత విద్యార్థిని
ఏప్రిల్ 10, రాత్రి 9.15

ఉంటుందండీ. అకారంలో (స్వరాల పేర్లు లేకుండా "ఆ" అంటూ) ఒక పలుకు పాడి, స్వరాలు చెప్పమంటారు. లేదా నాలుగు సంచారాలు (రాగంలోని స్వరాల నడకలు) పాడి ఏ రాగమో చెప్పమంటారు. చెల్లీ, రోజూ పది నిమిషాలు మీ అమ్మగారిని పాడమను, నువ్వు స్వరాలు చెప్పు. మొదట ఐదు స్వరాల రాగాలతో మొదలుపెట్టండి. తరువాత దగ్గర దగ్గర రాగాలు జంటలుగా తీసుకోండి. ఆభోగి, శ్రీరంజని. మధ్యమావతి, బృందావన సారంగ. తేడా ఎక్కడుందో నోటితో చెప్పగలగాలి, గొంతుతో చూపించగలగాలి.

రాగ లక్షణం అడిగితే ఆరోహణ అవరోహణలు ఒప్పజెప్పి ఊరుకోకు. జనక మేళం (ఆ రాగం పుట్టిన మేళకర్త), దాని సంఖ్య, స్వరస్థానాల పేర్లు, జీవ స్వరాలు (రాగానికి ప్రాణమైనవి), ఎక్కడ ఆగవచ్చు, ఏ స్వరానికి కంపితం (ఊపు) ఉంది, ఇవన్నీ రావాలి. నీ ఐదు రచనల రాగాలకు ఇలా రాసి పెట్టుకో.

ఇంకోటి. నువ్వు తెలుగు పిల్లవు. చెన్నైలో కూర్చున్నవాళ్లు నువ్వు పాడే త్యాగరాజ కృతికి అర్థం తప్పకుండా అడుగుతారు. వాళ్లు జీవితమంతా పాడిన సాహిత్యం నీ ఇంటి భాష. పల్లవి మాత్రమే కాక, చివరి చరణం దాకా ప్రతి మాటా విడదీసి అర్థం చెప్పగలగాలి. అక్కడ తెల్లమొహం వేస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

సరిగపద
మే 4, రాత్రి 8.30

క్షమించండి, చాలా రోజులకు వచ్చాను. ఎంచుకున్నవి ఇవి. మోహనంలో ఆది తాళ వర్ణం, భైరవిలో అట తాళ వర్ణం. కల్యాణిలో, మోహనంలో, రీతిగౌళలో ఒక్కో కృతి. మోహన వర్ణం రెండు శ్రుతుల్లో పాడి రెండు ఫైళ్లు ఇక్కడ పెట్టాను. ఏది ఏ శ్రుతిలో ఉందో రాయలేదు. ఏది ఏదో తెలియకుండానే వినండి, దయచేసి మొహమాటపడకండి.

లయ నా ప్రాణం
మే 4, రాత్రి 10.40

నేను శ్రుతి జోలికి పోను. గడియారం పట్టుకుని విన్నాను. రెండో ఫైలులో పల్లవి మొదటి ఆవర్తనానికి 9 సెకన్లు పట్టింది. చివరి ఎత్తుగడ స్వరానికి వచ్చేసరికి ఆవర్తనం 7 సెకన్లకు పడిపోయింది. మొదటి ఫైలులో 9తో మొదలై 8 దగ్గర ఆగావు. ఎక్కడ పరుగు మొదలైందో కూడా చెబుతాను. రెండో కాలం అందుకున్న మొదటి ఆవర్తనంలోనే. స్వరాలు రెట్టింపు అయ్యేసరికి చెయ్యి కూడా ఉత్సాహపడింది. ఆ ఒక్క మలుపు రోజుకు ఇరవై సార్లు చేయి. మొదటి కాలం చివరి ఆవర్తనం, రెండో కాలం మొదటి ఆవర్తనం. మిగతా వర్ణం ముట్టుకోకు.

వయొలిన్ మాస్టారు
మే 5, ఉదయం 5.45

తెల్లవారుజామున రెండుసార్లు విన్నాను తల్లీ. నీ గొంతు బాగుంది, నేర్పినవారు శ్రద్ధగా నేర్పారు. మీ అమ్మగారికి నా నమస్కారాలు.

రెండో ఫైలు ఐదున్నర. మొదటి నిమిషం అది నిజంగానే మెరిసింది, నువ్వన్నది తప్పు కాదు. కానీ 2 నిమిషాల 14 సెకన్ల దగ్గర తారస్థాయి గాంధారానికి వెళ్లే ముందు మాట మధ్యలో ఊపిరి తీసుకున్నావు. సాహిత్యం రెండు ముక్కలైంది. ఆ గాంధారం నుంచి దిగి వచ్చి పంచమం మీద నిలబడ్డప్పుడు పంచమం తంబుర కంటే వెంట్రుకవాసి కింద ఉంది. ఫోను చెవికి ఆనించుకుని ఆ చోటు ఒక్కటే విను. మొదటి ఫైలులో అదే చోట ఊపిరి తెగలేదు, పంచమం తంబుర తీగలో కలిసిపోయి నీ గొంతు ఎక్కడుందో తెలియలేదు.

ఐదులో నీ పాట నీకు మందంగా వినిపించడానికి కారణం, దిగువ స్థాయిలో నువ్వు ఎప్పుడూ గొంతు విప్పి పాడకపోవడం. రోజూ తెల్లవారుజామున మంద్ర (కింది స్థాయి) పంచమం దాకా అకారంలో దిగి, ఒక్కో స్వరం మీద ఊపిరి ఉన్నంతసేపు నిలబడు. మూడు వారాలు.

సరిగపద
మే 5, రాత్రి 7.50

విన్నాను మాస్టారూ. పదిసార్లు విన్నాను. మొదటి రెండుసార్లు తేడా తెలియలేదు. మూడోసారి తెలిసింది. ఇప్పుడు వినకుండా ఉండలేకపోతున్నాను. ఐదుకే మారుతున్నాను.

ఇద్దరు పిల్లల అమ్మ
మే 6, ఉదయం 10.05

నాకు సంగీతం రాదు కానీ మీ జవాబులు చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. ముఖం తెలియని పిల్ల కోసం తెల్లవారుజామున లేచి విన్నారు మాస్టారూ.

సరిగపద
జూన్ 12, రాత్రి 9.20

చెన్నై పరీక్ష నిన్న అయింది. ఇప్పుడే ఇంటికి చేరాం. మీ అందరికీ చెప్పనిదే నిద్ర పట్టేలా లేదు.

ఒక రోజు ముందే వెళ్లాం ఆంటీ. గదిలో నలుగురు ఉన్నారు. నిజం తంబుర ఉంది, ఒక అక్క మీటుతోంది. శ్రుతి ఎంత అని అడిగారు, ఐదు అన్నాను. ఆ అక్క తీగ సవరిస్తున్నంతసేపూ నా అరచేతులు చల్లబడిపోయాయి. షడ్జం పాడగానే ఒకాయన తల పక్కకు వాల్చి కళ్లు మూసుకున్నారు. అప్పుడు ధైర్యం వచ్చింది.

మోహన వర్ణం అడిగారు. పల్లవి అయ్యాక ఆపేశారు. అక్కా, నమ్ముతారో లేదో, "చరణం రెండో ఎత్తుగడ స్వరం రెండో కాలంలో" అన్నారు. మీ ఇత్తడి గిన్నె, మా కుంకుమ భరిణె రెండూ కళ్లముందు మెదిలాయి. ఊపిరి తీసుకుని ఎత్తుకున్నాను. చెయ్యి పరుగెత్తలేదు. తరువాత కల్యాణి ఆలాపన రెండు నిమిషాలు, కృతిలో అనుపల్లవి. చరణానికి అర్థం అడిగారు, మాట మాట విడదీసి చెప్పాను. ఒకావిడ అర్థం రాసుకున్నారు కూడా.

ఆ తరువాతే చిక్కుపడ్డాను. మోహనం ఏ మేళం నుంచి పుట్టింది అన్నారు. 28, హరికాంభోజి అన్నాను. "29 ఎందుకు కాకూడదు?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. "పుస్తకంలో 28 అని ఉందండీ" అన్నాను. ఆయన నవ్వి, "పుస్తకం పక్కన పెట్టి స్వరాలు చూడమ్మా, 65 మాత్రం ఎందుకు కాకూడదు?" అన్నారు. మౌనంగా ఉండిపోయాను. సరే వెళ్లిరమ్మన్నారు. రైలంతా అదే ఆలోచన. ఫలితాలు ఈ నెలాఖరులో. రాష్ట్రంలో పరీక్ష 19న. అసలు జవాబేమిటో ఎవరైనా చెబుతారా?

వయొలిన్ మాస్టారు
జూన్ 12, రాత్రి 10.05

ముందు నా ఆశీస్సులు. చెయ్యి పరుగెత్తలేదన్న మాట చదివి మా ఇంట్లో పైకి చదివి వినిపించాను.

ఇక ప్రశ్న. నీ పేరులోనే జవాబు ఉంది తల్లీ. స, రి, గ, ప, ద. మధ్యమం లేదు, నిషాదం లేదు. చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం ఉన్న మేళాలు ఎన్ని? మధ్యమం రెండు రకాలు, నిషాదం కైశికి, కాకలి అని రెండు రకాలు. రెండు రెళ్లు నాలుగు. 28 హరికాంభోజి, 29 శంకరాభరణం, 64 వాచస్పతి, 65 కల్యాణి. స్వరాల లెక్క ఒక్కటే చూస్తే ఈ నాలుగింటిలో దేని కింద పెట్టినా తప్పు పట్టలేం. 28 కింద చెప్పడం సంప్రదాయం. నాలుగు సంఖ్యలూ చెప్పి, సంప్రదాయంలో 28 అని చెప్పి ఉంటే ఆయన అక్కడితో ఆపేవారు.

విజయనగరం పాత విద్యార్థిని
జూన్ 12, రాత్రి 10.50

లెక్క సరే మాస్టారూ, కానీ నాకు అంతటితో తృప్తి కలగదు. మోహనం పాడుతూ ధైవతాన్ని పట్టుకుని ఊపినప్పుడు చెవిలో హరికాంభోజి ఛాయే మెదులుతుంది, కల్యాణి మెదలదు. పెద్దలు చెవితో విని అక్కడ పెట్టారని నా నమ్మకం. సంఖ్యలు తరువాత వచ్చాయి.

వయొలిన్ మాస్టారు
జూన్ 12, రాత్రి 11.10

ఈ వయసులో మీ చెవితో వాదించనమ్మా. కానీ హంసధ్వని 28 కిందికి రాదని సులువుగా చెప్పగలగడానికి అందులో కాకలి నిషాదం ఉండటం కారణం. మోహనంలో అలాంటి సాక్షి లేదు. పరీక్షలో పిల్ల ముందు లెక్క చెప్పాలి, తరువాత మీ మాట చెప్పాలి.

తల్లీ, 19న నిన్ను ఇంకొకటి అడగవచ్చు. మోహనంలో రిషభాన్ని షడ్జం చేసుకుని అవే స్వరాలు పాడితే ఏ రాగం వస్తుంది? గాంధారాన్ని చేసుకుంటే? రేపు పొద్దున మీ అమ్మగారి దగ్గర పాడి చూసి చెప్పు. నేను చెప్పను.

సరిగపద
జూన్ 13, రాత్రి 8.15

పొద్దున ఈ చర్చ మొత్తం అమ్మగారికి చదివి వినిపించాను. ఆవిడ వంట సగంలో ఆపి వచ్చి కూర్చున్నారు. తంబుర మోహనానికే ఉంచితే పాత షడ్జమే చెవిలో నిలిచిపోయి ఏమీ తెలియలేదు. అప్పుడు శ్రుతి పెట్టెను రిషభానికి జరిపారు. రెండుసార్లు పాడేసరికి మధ్యమావతి! ఇద్దరం ఒకేసారి పైకి అన్నాం. గాంధారానికి జరిపితే హిందోళం. పంచమం దగ్గర శుద్ధసావేరి అని అమ్మగారు పోల్చుకున్నారు. ధైవతం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఉదయరవిచంద్రిక అనుకుంటున్నాం, శుద్ధధన్యాసి అని కూడా అంటారట కదా. సరైనదేనా మాస్టారూ? నలభై ఏళ్లుగా మోహనం పాడుతున్నాను, ఎప్పుడూ ఇలా జరిపి చూడలేదే అని అమ్మగారు సాయంత్రం దాకా అంటూనే ఉన్నారు. అన్నం కాస్త మాడింది.

వయొలిన్ మాస్టారు
జూన్ 13, రాత్రి 8.40

సరైనదే. ఇప్పుడు అదే పని హిందోళంతో మొదలుపెట్టి చేయండి, ఇద్దరూ. 19 దాకా రోజుకొక స్వరం.